కొట్టుగదికి మట్టి మెత్తు

లిబ్రాదకు భయపడడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కాలువలో నీళ్లు ఎక్కువొస్తే గట్టు తెగుతుందని భయం. తక్కువొస్తే మిరపతోట ఎండిపోతుందని భయం. సరిగ్గా వస్తే, ఎన్నడూ లేనిది ఇంత సరిగ్గా ఎందుకొస్తున్నాయా అని అనుమానం. అలాంటి మనిషి ఇంట్లో, అక్టోబరు మొదట్లో, ముందుగది పక్కనున్న కొట్టుగదిలో ఆరు గంజాయి చెట్లు దూలాలకు తలకిందులుగా వేలాడుతున్నాయి.

వాటిని పెంచింది కూతురు దెల్ఫీనా. పెరట్లో టమాటా మొక్కల వెనక మేకలకు అందకుండా కంచె కట్టి, కాలువ నీళ్లు మళ్లించి, వేసవంతా సాకి మనిషెత్తు చేసింది. మంచు కొట్టకముందే కోసి, పెద్దాకులు తుంచేసి, ఏ చెట్టుకా చెట్టు పూలగుత్తులతో సహా వేలాడదీసింది.

"అమ్మా, పోలీసు కారు వెళ్లినప్పుడల్లా అలా కర్టెన్ లాగకు. ఏమీ లేకపోయినా నిన్ను చూస్తేనే వాళ్లకి అనుమానమొస్తుంది."

"మీ మామయ్యని ఇంతంటే ఇంత పొట్లానికి జైల్లో వేశారే తల్లీ."

"అప్పుడు చట్టం వేరు. ఇప్పుడు న్యూ మెక్సికోలో ఎవరిల్లు చూసినా పెంచుకుంటున్నారు."

"మళ్లీ మారదని ఏం నమ్మకం?"

"మారితే ముందు చెప్తారమ్మా."

"మీ మామయ్యకి ఎవరూ ముందు చెప్పలేదు."

వసారాలో కుర్చీ వేసుకుని ఈ గొడవంతా వింటున్న సెలెదోనియో నవ్వాడు. "నీకెందుకే భయం? పోలీసులొస్తే నా పేరు చెప్పు. ఈ కాలేసుకుని నేనెక్కడికీ పారిపోలేను, వాళ్లకి పట్టుకోడం తేలిక."

అసలు ఇదంతా ఆ కాలు కోసమే. రోడ్ల శాఖలో పనిచేసే రోజుల్లో ఒక లారీ వెనక్కి దొర్లి సెలెదోనియో నడుమూ ఎడమకాలూ నలిపేసింది. పగలంతా కుర్చీలో కూర్చుని దారిన పోయేవాళ్లను పలకరిస్తూ నొప్పిని మాటల్తో నెట్టుకొస్తాడు. పక్క మీద వాలాక పలకరించడానికి ఎవరుంటారు? అప్పుడు కాలు మొదలుపెడుతుంది. డాక్టరు రాసిన మాత్రలున్నాయి, వేసుకుంటే నిద్ర వస్తుంది. వస్తే వచ్చింది గానీ లిబ్రాద కంటికి అది నిద్రలా కనిపించదు. ఆ లోయలో అలాంటి మాత్రలు మింగి పడుకుని తెల్లారి లేవనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరి పేర్లూ ఆమెకు తెలుసు. చర్చిలో మోకరిల్లినప్పుడు ఒక్క పేరూ వదలకుండా చెప్పుకుంటుంది.

నిరుడు కూడా దెల్ఫీనా చెట్లు పెంచింది. కోత వేళకు ఆమె ఊళ్లో లేదు. అడవి మంటలార్పేవాళ్ల శిబిరాల్లో వంటచేసే ఉద్యోగం తనది. ఎక్కడ కొండ అంటుకుంటే అక్కడికి వెళ్లాలి. ఆరబెట్టే పని లిబ్రాద మీద పడింది. వాళ్ల ఇళ్లలో ఏదెండాలన్నా ఒకటే పద్ధతి. మిరపకాయలు, ఆపిల్ ముక్కలు, గుమ్మడి చక్రాలు, మాంసం బద్దలు, అన్నింటి సంగతీ ఎండా గాలీ చూసుకుంటాయి. లిబ్రాద గంజాయి కొమ్మల్ని కూడా మిరపకాయల్లాగే జడలా అల్లి, ఎంతో ముచ్చటగా, ఎర్ర దండల మధ్యన దక్షిణపు గోడకు వేలాడదీసింది. రెండ్రోజుల్లో గలగలలాడాయి. ముట్టుకుంటే పొడి. "నా చేతి దండ ఎప్పుడైనా బూజు పట్టిందా?" అని మురిసిపోయింది కూడా.

సెలెదోనియో ఆ పొడిని పైపులో కూరి ఒక్క దమ్ము లాగాడు. ఎండుగడ్డి వాసన. గొంతులో రంపం పెట్టి కోసినట్టయింది. దగ్గి దగ్గి, ఆ దగ్గుకు నడుం పట్టేసి, రెండోసారి పైపు ముట్టలేదు. మళ్లీ మాత్రల సీసా తీశాడు. చలికాలమంతా అవే. జనవరిలో ఒక పొద్దున ఎంత లేపినా లేవలేదు. చెంపలు వాయించింది, ముఖాన నీళ్లు కొట్టింది, మరియమాతను ఉన్న పేర్లన్నీ పెట్టి పిలిచింది. చివరికెప్పటికో కళ్లు విప్పి, "ఏంటే, ఇల్లంటుకుందా?" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు పాపం. ఆమె వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు కూలబడింది. అంతకుముందు ఆమెకున్న భయాలన్నీ ఆ పొద్దుటి భయం ముందు చిన్నపిల్లలైపోయాయి.

కనుక ఈసారి చెట్లు పాడవకూడదు. పాడైతే ఈ చలికాలం కూడా ఆ సీసాయే గతి.

"గబుక్కున ఎండితే పచ్చిదనం లోపలే ఉండిపోతుందమ్మా, గొంతు కోసేది అదే," అని దెల్ఫీనా విడమరిచి చెప్పింది. "మన గాలికి తడన్నది లేదు. అందుకే ఈ మిషన్ తెచ్చాను. సన్నగా ఆవిరి వదుల్తుంటుంది. గోడకి తడి కొలిచే ఈ గడియారంలాంటిది చూశావా? ముల్లు రెండెర్ర గీతల మధ్య ఉండాలి. కిందికి పోతే ఎండిపోతాయి, పైకి పోతే బూజు పడతాయి. మిషన్ దానంతటదే చూసుకుంటుంది. నువ్వేం ముట్టుకోకు."

"ముట్టుకోను."

"ఒట్టు?"

"మీ నాన్న మీద ఒట్టు."

"నా మీదెందుకే? ఉన్న కాలు కూడా పోతుంది," అన్నాడు సెలెదోనియో వసారాలోంచి.

మర్నాడే ఎక్కడో కొండలంటుకున్నాయని ఫోనొచ్చి దెల్ఫీనా మూట సర్దుకుని వెళ్లిపోయింది. కారు మలుపు తిరిగిందో లేదో లిబ్రాద కొట్టుగది గుమ్మంలో నిలబడింది. మిషన్ బుసబుసమంటోంది. దాని వైరు వంటింటి ప్లగ్గు దాకా నేల మీద పాములా పడుంది. వైరు చూసింది. మామగారు బతికుండగా వేయించిన కరెంటు పని చూసింది. పైన పొయ్యిలో పెట్టే పిన్యోన్ కట్టెల్లా ఎండిపోయిన దూలాలు చూసింది. నీళ్లూ కరెంటూ ఒకే డబ్బాలో పెట్టాలన్న ఆలోచన ఎవడికొచ్చిందో! కళ్లముందు ఇల్లు మండిపోయింది, కుంటికాలితో సెలెదోనియో గుమ్మం దాటలేకపోయాడు, మంటలార్పేవాళ్లకు వండిపెట్టే కూతురు ఇంటికొచ్చి బూడిద చూసింది.

ప్లగ్గు పీకేసింది. కాసేపే కదా, మిషన్‌కూ విశ్రాంతి ఉండాలి అనుకుంది.

ఆ కాసేపు మధ్యాహ్నం దాకా సాగింది. ముల్లు దిగి, దిగి, కింది గీత దాటింది. అంచుల్లో ఉన్న చిన్నాకులు ముడుచుకుంటున్నాయి. ప్లగ్గు పెట్టింది, దూలం వైపు చూసింది, మళ్లీ పీకింది. ఎటు చూసినా మొగుడు పోయేలాగే ఉంది; నిప్పుతోనో, మాత్రతోనో. ఆ తికమకలో ఉండగానే ఫోను మోగింది.

ఒతీలియా వదిన. సెలెదోనియోకు అక్క, ఊళ్లో జపమాల బృందానికి పెద్ద. అక్టోబరు నెలంతా మరియమాత విగ్రహం ఇంటింటికీ తిరుగుతుంది. ఏ ఇంటికి వెళితే ఆ ఇంట్లో ఆడవాళ్లందరూ చేరి జపమాల చెప్పుకుని, కాఫీ తాగి పోతారు.

"మరదలా, ఎల్లుండి సాయంత్రం అమ్మవారు మీ ఇంటికే. రొమేరోవాళ్లింట్లో జ్వరాలట, అందుకని మీ వంతు ముందుకొచ్చింది."

"ఎల్లుండా? వదినా, ఇల్లంతా…"

"ఇల్లంతా ఏమైంది?"

"దుమ్ముగా ఉంది."

"ఎప్పుడు లేదులే," అని ఒతీలియా ఫోను పెట్టేసింది.

జపమాల చెప్పేది ముందుగదిలో. ముందుగదికీ కొట్టుగదికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. పచ్చి ఇటుకల పాత గోడ. మెత్తు ఎక్కడికక్కడ రాలిపోయి చేయి పట్టేంత నెర్రెలు విచ్చింది. ఆ నెర్రెల్లోంచి వాసన! సామాన్యమైన వాసన కాదది. కంపు కొట్టే స్కంకు జంతువు చచ్చినట్టు, నిమ్మ తొక్క నలిపినట్టు, పెట్రోలు ఒలికినట్టు. సెలెదోనియో గాలి ఇటు తిరిగిందంటే, "అబ్బ, మన తోట పిలుస్తోంది," అంటుంటాడు. అమ్మవారి ముందు, ఒతీలియా ముందు, ఆ వాసన!

లిబ్రాద ఇంకేం ఆలోచించలేదు. పార తీసుకుని పెరట్లోకి నడిచింది.

మట్టిపని ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. ఆ ఊళ్లో గోడలు కట్టేది మగవాళ్లే అయినా మెత్తేది ఆడవాళ్లు. ఏటేటా చర్చి గోడలకు మెత్తు వేసే జట్టులో ముందుండే చేయి ఆమెది. వాగు దగ్గరి జిగురుమట్టి, ఇసుక, నరికిన గోధుమగడ్డి కలిపి, నీళ్లు పోసి కాళ్లతో తొక్కింది. ముందు నెర్రెలు పూడ్చింది. నెర్రెలు పూడ్చాక గోడ అతుకులేసిన పంట్లాంలా కనిపించింది. సరేనని ఆ గోడంతా మెత్తింది. ఒక గోడ కొత్తగా ఉంటే మిగతా మూడూ సిగ్గుపడుతున్నాయి. వాటినీ అందుకుంది. చేతికి మట్టి అంటిందంటే ఆమె గుండెదడ అదే సర్దుకుంటుంది. భయం వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఏదో ఒక గోడ బాగుపడుతూ ఉంటుంది. రెండోనాటికి గొర్రెతోలు తడిపి గోడలన్నీ అద్దంలా నున్నగా రుద్దింది.

పని చేస్తున్నంతసేపూ తలకు చెట్లు తగుల్తూనే ఉన్నాయి. చూసుకుంటే వేళ్లకు, తలగుడ్డకు నల్లగా జిగురు.

"ఏమయ్యో, ఇది ఒంట్లోకి ఇంకితే?"

"ఇంకితే ఏమవుతుంది?"

"మత్తెక్కదా?"

"ఎక్కితే బాగుండు. పెళ్లయినప్పట్నుంచీ చూద్దామని నాకు మహా సరదా."

"నవ్వకు. నా కళ్లు చూడు, ఎర్రబడ్డాయా?"

"నీ కళ్లల్లో ఉన్నది మట్టే."

అయినా నమ్మకం లేక వసారా మెట్టు మీద కూర్చుని మతిపోవడం కోసం కాసేపు ఎదురుచూసింది. పోలేదు. చేతులు వంటనూనెతో తోముకుని, సబ్బుతో కడుక్కుని కొట్టుగదిలోకి వెళ్లింది. గడియారం వైపు చూసి కెవ్వుమంది.

ముల్లు పై గీత దాటిపోయింది.

నాలుగు గోడల పచ్చిమట్టి గదిలోకి తడి విడుస్తోంది. ఇందాకటిదాకా ఎండిపోతాయని భయపడింది, ఇప్పుడు బూజు! పరుగున వెళ్లి బయటి గోడకున్న చిన్న కిటికీ బార్లా తెరిచింది. పొడిగాలి రివ్వున దూరి, ముల్లు గబగబా దిగసాగింది. అమ్మో అని మూసింది. మళ్లీ ఎక్కింది. చివరికి కాలువలో దొరికే నున్నటి గులకరాయి ఒకటి తెచ్చి, కిటికీ రెక్క బొటనవేలంత తెరుచుకునేలా అడ్డం పెట్టింది. ముల్లు ఊగి ఊగి రెండెర్ర గీతల మధ్యకు వచ్చి కూర్చుంది. కూర్చుంది గానీ, ఉంటుందా? కూర తిప్పుతూ వచ్చి చూసేది, మేకకు మేతేసి వచ్చి చూసేది. గాలి పెరిగితే సన్న రాయి, తగ్గితే లావు రాయి. కిటికీ గట్టు మీద గులకరాళ్లు పోగుపడ్డాయి.

"ఆ ముల్లు నా గుండెకి పెట్టినా ఇన్నిసార్లు చూసేదానివి కాదు," అన్నాడు సెలెదోనియో.

"నీ గుండె కోసమే చూస్తున్నాను, నోర్మూసుకో."

మర్నాడు సాయంత్రం మరియమాత వచ్చింది. నీలం పట్టు కప్పి, ఒతీలియా చేతుల మీద, వెనక ఆడవాళ్లతో. విగ్రహాన్ని ముందుగదిలో బల్ల మీద పెట్టి అందరూ మోకరిల్లారు. లిబ్రాద నోరు ప్రార్థన చెబుతోంది, ముక్కు మాత్రం గోడకే అతుక్కుని ఉంది. వాసన వస్తోందా? రావడం లేదా? రెండో పూస దగ్గర ఒతీలియా తలెత్తి గట్టిగా గాలి పీల్చింది. మూడో పూస దగ్గర మళ్లీ పీల్చింది. జపమాల ముగిసిందో లేదో ఒతీలియా మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ లేచి, "ఏంటే ఆ వాసన?" అంది.

లిబ్రాద నోరు తెరిచేలోపే తనే చెప్పేసింది.

"పచ్చిమట్టి! మా అమ్మ ఉన్నప్పుడు ఈ ఇల్లు ఇలాగే ఉండేది. ఎక్కడ మెత్తావు?"

"అక్కడెక్కడో… కొట్టుగదిలో… చీకటిగా ఉంటుంది వదినా, కాఫీ చల్లారిపోతుంది…"

ఆ ఇంట్లో పుట్టిపెరిగిన మనిషికి దారి చూపించాలా? ఒతీలియా అడ్డుతెర తొలగించి తలుపు తోసేసింది. లోపల నున్నటి గోడలు. నడుమ, తలకిందులుగా వేలాడుతున్న చెట్లు. లిబ్రాద కళ్లు మూసుకుంది. జైల్లో తమ్ముడి ముఖం, రేపటి నుంచి చర్చిలో ఎవరూ పక్కన కూర్చోని బల్ల, రెండూ కనిపించాయి.

ఎంతకూ తిట్లు వినబడకపోయేసరికి ఒక కన్ను తెరిచింది. ఒతీలియా ఒక పూలగుత్తిని వేళ్లతో మెల్లిగా నొక్కి చూస్తోంది. నొక్కితే అణిగి, వదిలితే తిరిగి పొంగుతోంది.

"మెత్తగా ఉందే! నేను నాది బట్టల బీరువాలో వేలాడదీస్తే పొడిపొడైపోయింది. స్పిరిట్‌లో నానేస్తే కిందంతా బురద దిగింది."

"నీదా? వదినా, నువ్వా?"

"పొగ తాగుతానా ఏంటి? మోకాళ్లకి రాసుకోడానికి. మా అమ్మ రాసేది, వాళ్లమ్మ రాసేది. అది రాసుకోకపోతే అమ్మవారి ముందు మోకరిల్లేదెవరు, నువ్వా?" వెనక్కి తిరిగి ఆడవాళ్లను చూసింది. "మీలో ఆ మందు సీసా లేనిదెవరో ముందుకు రండి."

ఎవరూ రాలేదు. ఒకావిడ మాత్రం కాఫీ కప్పు పట్టుకుని, "మాది మా ఆయన సీసా అండీ," అంది సిగ్గుపడుతూ.

వసారాలోంచి సెలెదోనియో గట్టిగా అరిచాడు. "అక్కా! చిన్నప్పుడు నేను ఒక్క సిగరెట్టు తాగానని నాన్నకి చెప్పి కొట్టించావు!"

"మళ్లీ కొట్టిస్తాను, నాన్న లేకపోతే ఏం!" అని ఒతీలియా నవ్వి, గోడ మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. సోంపు బిస్కెట్లు పళ్లేనికి పళ్లెం అయిపోయాక గానీ ఎవరూ కదల్లేదు.

మంటలారాక, పొగచూరిన బట్టలతో దెల్ఫీనా తిరిగొచ్చింది. బూట్లైనా విప్పకుండా కొట్టుగదికి వెళ్లింది. మొదట చూసింది ప్లగ్గు.

"అమ్మా!"

"ఇల్లంటుకుంటుందేమోనని…"

"నాన్న మీద ఒట్టేశావు!"

"మీ నాన్న మీద ఒట్టు మీ నాన్న కోసమే తప్పాను తల్లీ."

"నిరుడు పోయింది, ఇప్పుడు ఇదీ పోయింది. చలికాలం నాన్న మళ్లీ ఆ మాత్రలు…" అంటూ దెల్ఫీనా తల తిప్పింది. గోడలు చూసింది. గడియారం చూసింది. దగ్గరికెళ్లి వేలితో తట్టి చూసింది. ముల్లు కదల్లేదు, రెండెర్ర గీతల నడిమధ్యన ఉంది. కిటికీ, రాయి, గట్టు మీది రాళ్ల పోగు చూసింది. ఒక చిన్న పుల్ల విరిస్తే పుటుక్కుమంది. లావు కాడ వంచితే విరగలేదు, నారలా వంగింది. గుత్తిని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"పాడైపోయిందా?" అంది లిబ్రాద.

"మిషన్ చేసే పని నీ గోడలు చేశాయి! ఎవరు చెప్పారమ్మా నీకు, మట్టి మెత్తమని?"

"ఎవరు చెప్తారు? వాసన మీ అత్తకి తెలుస్తుందని భయమేసింది."

దెల్ఫీనా నేల మీద చతికిలబడి, పొగకు ఎర్రబడ్డ కళ్లల్లోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. లిబ్రాదకు నవ్వెందుకో అర్థం కాలేదు గానీ, కూతురు నవ్వుతోంది కదా అని తనూ నవ్వింది.

తర్వాత గుత్తులు కోసి, మిరపకాయ ఊరగాయకు వాడే గాజు జాడీల్లో సగానికి కొంచెం పైగా నింపి మూతలు బిగించారు. రోజూ ఒకసారి మూత తీసి కాస్త గాలి తగలనిచ్చి మళ్లీ మూయాలి. అలా వారాల తరబడి మగ్గితే గాని గొంతుకు నున్నబడదు. లిబ్రాదను ఒకసారితో ఆపడమే కష్టమైంది. ప్రతి జాడీనీ వెలుగుకెత్తి చూసేది, తెల్లమచ్చ ఉందేమోనని కళ్లద్దాలు మార్చి మార్చి చూసేది. "వాటికి ఊపిరాడనీయవే," అనేవాడు సెలెదోనియో. "ఊపిరాడాలనే తీస్తున్నాను," అనేది. మెల్లమెల్లగా పచ్చివాసన పోయి, ఎండిన ఆప్రికాటు పండు లాంటి, దేవదారు చెక్క లాంటి తియ్యటి వాసన వచ్చింది.

కొండల మీద తొలి మంచు పడిన నాడు సాయంత్రం దెల్ఫీనా ఒక గుత్తి నలిపి తండ్రి పైపులో పెట్టింది. లిబ్రాద నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడింది, దగ్గు వస్తే అందిద్దామని. సెలెదోనియో దమ్ము లాగాడు. ఆగాడు. పొగ మెల్లగా వదిలాడు.

"ఏం?" అంది లిబ్రాద.

"ఏం లేదు."

"దగ్గు?"

"రాలేదే. ఆ నీళ్లు నువ్వే తాగు, నీకే అవసరంలా ఉంది."

మర్నాడు ఎండ కిటికీలోంచి మంచం కాళ్ల దాకా వచ్చింది. సెలెదోనియో లేవలేదు. కోడి కూసింది, మేక అరిచింది, లేవలేదు. లిబ్రాద గుమ్మంలో ఆగిపోయింది. జనవరి నాటి పొద్దు మళ్లీ కళ్లముందు నిలిచింది. మెల్లగా నడిచి వెళ్లి, చెయ్యి వెనక్కి తిప్పి అతని ముక్కు కింద పెట్టింది. వెచ్చటి ఊపిరి తగిలింది. అయినా అలాగే ఉంచింది, ఇంకోటి రానీ అని. ఇంకోటి వచ్చింది.

"బతికే ఉన్నాను," అన్నాడతను కళ్లు తెరవకుండానే. "కాలు కూడా పడుకుంది, దాన్ని లేపకు. నీ చేతికి ఇంకా మట్టి వాసనొస్తోందే."

"కడుక్కున్నాను."

"కడుక్కోకు. బాగుంది."

ఆమె అతని భుజాల మీదికి దుప్పటి లాగి వంటింట్లోకి వెళ్లింది. పై అరలో మాత్రల సీసా అలాగే ఉంది. పారేద్దామా అనుకుంది. ఎందుకైనా మంచిదని ఇంకా పై అరలోకి, నిచ్చెన లేనిదే అందని చోటికి మార్చింది. పొయ్యిలో రెండు కట్టెలు పెట్టి, కాఫీ నీళ్లు పడేసి, అవి మరిగేలోగా జాడీల మూతలు తీయడానికి కొట్టుగదికి నడిచింది. వచ్చే ఏడు మంచు ముందే కొడితే? మేక కంచె దూకితే? వాగులో జిగురుమట్టి అయిపోతే? ఒక్కొక్క మూతా తీస్తూ ఒక్కొక్కటీ తలుచుకుంది. పక్కగదిలో సెలెదోనియో గురక మొదలైంది. ఆఖరి జాడీ మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ గురక వింటూ ఆమె కాసేపు అలాగే నిలబడింది.